డ్యూయీ, గాంధీ, ఫ్రేరే... మార్లవాయి

డి.ఎడ్., బి.ఎడ్. పుస్తకాల్లో విద్యా తత్వశాస్త్రం ఎలా ఉంటుందో మన టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు. భావవాదానికి ప్లేటో, ప్రకృతివాదానికి రూసో, వ్యవహారికసత్తావాదానికి డ్యూయీ. పరీక్షలో జతపరచమంటారు, జతపరిచి బయటికొస్తాం. ఏజెన్సీలో ఒకటో తరగతి గదిలోకి అడుగు పెట్టిన రోజున ఆ పేర్లలో ఒక్కటీ అక్కరకు రాదు. ఎదురుగా కూర్చున్న పిల్లలకు తెలుగు రాదు. వాచకంలో మొదటి మాటే వాళ్లు ఇంట్లో వినని మాట.

అంతమాత్రాన ఆ తత్వాలన్నీ పనికిరానివని కొట్టిపారేయలేం. మార్కుల కోసం కాకుండా మన బడి వైపు నుంచి వాటిని చదవాలి. ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగాలి: పిల్ల ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నదాన్ని మీరు ఏం చేశారు?

రూసో దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. 1762లో వచ్చిన ‘ఎమిల్’లో ఒక పిల్లవాడు, వాడికొక గురువు. నాగరికత పిల్లల్ని చెడగొడుతుంది కాబట్టి దానికి దూరంగా పెంచాలంటాడు. అడవి పిల్లలంటే ప్రకృతి బిడ్డలని బయటివాళ్లు మనల్ని పొగుడుతుంటారే, ఆ పొగడ్త ఈ ఆలోచనకు దగ్గరి చుట్టం. అందులో ఒక అవమానం దాగి ఉంది. మనకంటూ చదువు ఏర్పాటు ఏదీ లేదని, పిల్లలు చెట్లలాగా వాటంతటవే పెరుగుతారని దాని అర్థం. బస్తర్ మురియాల గోటుల్‌లో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పని, పాట, కట్టుబాటు నేర్పుతారు. అది గుంపులో సాగే చదువు. ఒంటరి ఎమిల్‌కు అది తెలియదు.

డ్యూయీ మనకు ఇంకాస్త దగ్గరవాడు. 1896లో చికాగో విశ్వవిద్యాలయంలో ఆయన నడిపిన ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట చేశారు, నేత నేశారు, చెక్కపని చేశారు. నేత నుంచి చరిత్రకు, వంట నుంచి విజ్ఞానశాస్త్రానికి వెళ్లారు. ఇది మన దగ్గరికి ‘ప్రాజెక్టు పని’గా వచ్చి, స్టేషనరీ షాపులో చార్టు కొని అతికించే పనిగా మారింది. నిజానికి డ్యూయీ చెప్పినట్టు చేస్తే ఏజెన్సీ బడికి చార్టు అక్కర్లేదు. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, ఏ చెట్టు తేనె ఎలా ఉంటుందో పిల్లలకు తెలుసు. సంతలో చింతపండు తూకం దగ్గర అమ్మ ఎంత నష్టపోయిందో కూడా తెలుసు. లెక్కల పాఠం అక్కడే ఉంది. ఆ పాఠం చెప్పాలంటే మాత్రం సంత భాష, ఇంటి భాష రెండూ టీచరుకు రావాలి.

గాంధీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీం ఈ భాష సంగతిని నేరుగా పట్టుకుంది. జాకిర్ హుస్సేన్ కమిటీ ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య ఉండాలని, అది మాతృభాషలో, ఒక చేతిపని చుట్టూ సాగాలని చెప్పింది. పిల్లల పని మీద వచ్చే ఆదాయంతో టీచరు జీతం వెళ్లాలన్న ఆలోచనకు అప్పుడే విమర్శ వచ్చింది, అది సరైన విమర్శే. మన వైపు నుంచి ఇంకోమాట కూడా చెప్పాలి. పోడు చేసే ఇంటికి తకిలీ బయటి నుంచి వచ్చిన పనే. ఠక్కర్ బాపా 1922లో భిల్లుల మధ్య మొదలుపెట్టిన సేవ ఆశ్రమాల వరుసలోనే తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. హాస్టలు, గంట, ప్రార్థన నిలిచాయి. మాతృభాష జారిపోయింది. గాంధీ నుంచి తీసుకోవాల్సినదాన్ని వదిలేసి మిగతాదంతా తీసుకున్నట్టయింది.

ఫ్రేరే పేరు మన యువకులకు బాగా ఇష్టం. బ్రెజిల్‌లోని అంజికోస్‌లో 1963లో దాదాపు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పిన మనిషి. 1964లో సైన్యం అధికారం లాక్కున్నాక జైలుకు, ఆపైన ప్రవాసానికి వెళ్లాడు. బ్యాంకులో డబ్బు వేసినట్టు పిల్లల తలల్లో పాఠాలు జమచేయడాన్ని ఆయన ఎండగట్టాడు. కానీ ఆయన కూలీలు పెద్దవాళ్లు, వాళ్లూ నేర్పినవాళ్లూ మాట్లాడింది పోర్చుగీసే. మన బడిలో ఇంకో మెలిక ఉంది. జమచేసే నోటే పిల్ల ఊళ్లో చెల్లదు.

ఇక మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ ఇచ్చారు, గోండీలో వాచకాలు తయారు చేశారు. దీన్ని దేవుడిచ్చిన వరంలా చెప్పుకోవడం నాకు నచ్చదు. సర్కారు భయం నుంచి పుట్టిన పథకం అది. గోండీకి దేవనాగరి లిపి వాడారు, తర్వాతి పుస్తకాల్లో తెలుగు లిపి వచ్చింది. రెండుసార్లూ లిపి నిర్ణయం గోండుల చేతిలో లేదు. అయినా అక్కడ పని జరిగిన వరస గమనించాలి. తక్కిన తత్వాలన్నీ పిల్ల దగ్గరో, పని దగ్గరో, సమాజం దగ్గరో మొదలవుతాయి. మార్లవాయి పంతులు దగ్గర మొదలైంది. ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నది ముందు తేల్చుకుంది. బి.ఎడ్. పుస్తకంలో దీనికి ఒక పేజీ కూడా ఉండదు.

2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3ను ఈ వెలుగులో చదవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననే తప్పుపట్టింది. ఆ తర్వాతి ఆందోళనల్లో ఎక్కువగా వినిపించింది ఉద్యోగాల మాట. అది న్యాయమైన మాటే, కానీ సగం మాట. ఒకటో తరగతి పిల్లకు అర్థమయ్యేలా మాట్లాడే మనిషి కావాలన్నది విద్యా తత్వం అడిగే ప్రశ్న. ఆ వాదన బలంగా ముందుకు రావాల్సింది.

జీవోలో లోపం కూడా ఉంది. అది తెగను, స్థానికతను చూసింది, భాషను చూడలేదు. కోలామీ రాని టీచరు కోలాం గూడెంలో చేరినా దానికి అభ్యంతరం లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా ఎనిమిదింటిలో బహుభాషా విద్య మొదలైంది. పుస్తకాలు వచ్చాయి. అవి ఎవరి చేతిలో పడ్డాయన్నదాన్ని బట్టే పాఠం నడిచింది, లేదా బీరువాలో ఉండిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషకు ‘సాధ్యమైనంత వరకు’ అనే షరతు తగిలించింది.

కొత్త ఉత్తర్వో, చట్టమో అడిగేటప్పుడు ఒకటి, రెండు తరగతుల టీచరుకు ఆ గూడెం భాష వచ్చి తీరాలన్న నిబంధన కూడా అడగాలి. అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారని అధికారులు అంటారు. కోలాం గూడెంలో ఇంటర్ చదివిన అమ్మాయికి డి.ఎడ్. సీటు, శిక్షణ కాలంలో ఖర్చు ఇస్తే రెండేళ్లలో దొరుకుతారు. మార్లవాయిలో 1943లో చేసింది దాదాపు ఇదే.