ఫొటో కింద నెల వేయండి

ఎక్కడికి వెళ్లాలో సలహా ఇచ్చే కొన్ని యాప్‌లు ఇప్పుడు మాటలకన్నా బొమ్మల్నే ఎక్కువ నమ్ముతున్నాయి. మనం లైక్ కొట్టిన ఫొటోల్లోని రంగుల్నీ ఆకారాల్నీ అంకెలుగా మార్చుకుని, వాటికి దగ్గరగా ఉన్న చోట్లను ముందు పెడతాయి. ఇందులో మేలు లేకపోలేదు. ప్రశాంతమైన చోటు కావాలని టైప్ చేస్తే వంద ఊళ్లు వచ్చి పడతాయి. అదే నచ్చిన నాలుగు ఫొటోలు చూపిస్తే మన కోరిక ఏమిటో తేలిపోతుంది. ఎవరూ రివ్యూ రాయని పల్లె కూడా ఒక్క మంచి ఫొటోతో జాబితాకెక్కుతుంది. అడగడానికి ఫొటో చాలు. పేచీ అల్లా, జవాబుగా కూడా ఫొటోనే చేతిలో పెట్టడంతోనే.

పాడేరు దగ్గరి వంజంగి కొండనే తీసుకోండి. కాళ్ల కింద పాలసముద్రంలా మబ్బులు పరుచుకున్న ఆ ఫొటోలు చలికాలపు తెల్లవారుజామువి. ఎండెక్కితే మబ్బులు ఉండవు. పిల్లలకు సెలవులని మే నెలలో బయల్దేరే కుటుంబానికి ఆ ఫొటో అబద్ధం చెప్పదు, అక్కరకూ రాదు. చిత్రమేమంటే, కావలసిన సమాచారం కెమెరా దగ్గర ముందే ఉంది: తేదీ, గంట, చాలాసార్లు చోటు కూడా. 2009లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లోని సుమారు 3.5 కోట్ల ఫొటోలను పరిశీలించినప్పుడు, ఫొటో ఎక్కడిదో ఊహించడానికి బొమ్మతోపాటు అదే మనిషి ముందూ వెనకా తీసిన ఫొటోలు కూడా పనికొచ్చాయి. ఆ వరుసను బట్టే ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగారో, తర్వాత ఎటు వెళ్లారో అంచనా కట్టొచ్చు. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లకు కావలసింది అదే.

ఇప్పటి యంత్రాలు ఫొటోలో జనాన్నీ వానమబ్బునూ కూడా గుర్తుపడతాయి కదా అంటారు. పడతాయి, ఫొటోలో ఉంటే. జనం పక్కకు తప్పుకునేదాకా ఆగి తీసిందే అప్‌లోడ్ అవుతుంది, మిగతావి డిలీట్. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ అనే ఊళ్లో వెయ్యిమంది కూడా ఉండరు. రద్దీ రోజుల్లో పదివేల దాకా సందర్శకులు వస్తారు. 2023లో అక్కడ సెల్ఫీలు దిగే చోట చెక్క కంచె కట్టి, విమర్శలొస్తే తీసేశారు. సరస్సూ చర్చి శిఖరమూ ఉన్న ఆ అందాల ఫొటోల్లో ఈ గోల కనబడదు. తిరుమలది ఇంకో తీరు. ఆలయంలోకి ఫోన్లూ కెమెరాలూ తీసుకెళ్లనివ్వరు. భక్తుడు తెలుసుకోవలసింది దర్శనం కోసం కంపార్టుమెంటులో ఎంతసేపు కూర్చోవాలో. ఘాట్ రోడ్డు ఫొటోలు ఎన్ని పోగేసినా అది తేలదు.

ఊరించకపోతే ఎవరు బయల్దేరతారన్న వాదనా ఉంది. ఊరించడం ప్రకటనలవాళ్ల పని, అందుకు వాళ్లకు డబ్బులిస్తున్నారు. ఫొటో వివరాలు బయటపెడితే గోప్యత ఏమవుతుందన్న ప్రశ్నే అంతకన్నా గట్టిది. కానీ తీసినవారి పేరూ ఖాతా ఎవరికీ అక్కర్లేదు, నెలా గంటా చాలు. మేలో వెళ్లేవారికి మే నెల ఫొటోలే చూపాలి. అవి లేకపోతే లేవని చెప్పాలి.