పదమూడో పేజీ ఎక్కడుంది?

వ్యాసాలు దాచే సాఫ్ట్‌వేర్‌లో ఉపవర్గాలు కావాలని ఎవరైనా అడిగితే ప్రోగ్రామర్లు ముందు తేలిగ్గానే తీసుకుంటారు. కేటగిరీల టేబుల్లో పేరెంట్ ఐడీ అని ఒక గడి పెంచితే సరి. 'సాహిత్యం' కింద 'కథ', 'కథ' కింద 'అనువాద కథ'. ప్రతి పిల్లకీ తల్లి నంబరు తెలుసు. అన్నిటికన్నా పైదానికి ఆ గడి ఖాళీ.

చిక్కు మొదలయ్యేది పాఠకుడు 'సాహిత్యం' నొక్కినప్పుడు. నేరుగా సాహిత్యంలో వేసినవే చూపాలా, కథలూ అనువాద కథలూ కలిపి చూపాలా? కలిపే చూపాలంటాను. అలా కలపాలంటే పిల్లల్నీ, వాళ్ల పిల్లల్నీ వెతుక్కుంటూ అట్టడుగు దాకా దిగాలి. ఈ పని చేసే రికర్సివ్ క్వెరీ 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌లోకి 2009లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు 2018లో ఎనిమిదో వెర్షన్ దాకా ఆగాల్సొచ్చింది. ఆ లోపు కొందరు డేటాబేస్ రచయిత జో సెల్కో ప్రచారంలోకి తెచ్చిన నెస్టెడ్ సెట్ల పద్ధతి పట్టారు. ప్రతి వర్గానికీ ఎడమొక అంకె, కుడొక అంకె. ఆ రెంటి మధ్య పడినవన్నీ దాని సంతానం. చదవడం చాలా వేగం, మధ్యలో కొత్త వర్గం దూర్చాలంటే మాత్రం దాని తర్వాతి అంకెలన్నీ దిద్దాలి. వందలోపు వర్గాలకి అంత హంగు దండగ, పేరెంట్ ఐడీ చాలు. ఒక్క కాపలా మాత్రం తప్పదు. ఎవరో 'సాహిత్యా'న్ని తీసుకెళ్లి 'అనువాద కథ' కింద పెడితే అమ్మమ్మ తన మనవరాలికే బిడ్డయి కూర్చుంటుంది, క్వెరీ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సేవ్ చేసేటప్పుడే ఆపాలి.

పేజీల సంగతి ఇంకా మాయదారిది. పేజీకి పది చొప్పున నూటొకటో పేజీ అడిగితే లిమిట్ 10, ఆఫ్‌సెట్ 1000. డేటాబేస్ తిన్నగా అక్కడికి గెంతలేదు. 1,010 వరసలు దాటుకుంటూ వచ్చి, వెయ్యి పారేసి పది ఇస్తుంది. వేగం పోతే పోనివ్వండి, తప్పు కూడా వస్తుంది. కొత్తవి ముందుండే జాబితాలో మీరు మొదటి పేజీ చదువుతుండగా ఒక వ్యాసం చేరిందనుకోండి, అన్నీ ఒక మెట్టు కిందకి జరుగుతాయి. మొదటి పేజీ చివర చూసిందే రెండో పేజీ మొదట్లో మళ్లీ పలకరిస్తుంది. ఒకటి తీసేస్తే ఇంకొకటి కంటపడకుండానే జారిపోతుంది. పేజీ నంబరు పుస్తకాల నుంచి వచ్చిన అలవాటు. అచ్చయిన పుస్తకంలో పదమూడో పేజీ ఎప్పటికీ పదమూడో పేజీయే. తల దగ్గర పెరిగే జాబితాలో ఆ అంకె దేనికీ అంటుకోదు.

అందుకే నంబరు బదులు చివర చూపిన వ్యాసం తేదీ, ఐడీ గుర్తుంచుకుని 'వీటికన్నా పాతవి పది ఇవ్వు' అని అడగడం మేలు. ఇండెక్స్ ఉంటే నేరుగా అక్కడికే పోతుంది. తేదీ ఒక్కటే చాలదు, ఒకే క్షణాన ప్రచురించిన రెంటిలో ఒకటి తప్పిపోవచ్చు. ముప్పై ఏడో పేజీకి ఒక్క ఉదుటున దూకడం ఇక కుదరదు. అంకెల వరస లేకపోతే ఒప్పుకోని సంపాదకులుంటారు. వాళ్లకి సంవత్సరం, నెల ఎంచుకునే సదుపాయం ఇచ్చి చూడండి, పాత సంచిక వెతికేవాడికి పనికొచ్చేది అదే.

అసలు తంటా ఉపవర్గాలూ పేజీలూ కలిసే చోట. ఒకే రచనకి 'కథ', 'అనువాద కథ' రెండూ తగిలించి ఉండొచ్చు. జాయిన్ చేస్తే అది రెండు వరసలవుతుంది. పది తెచ్చాక నకళ్లు ఏరేస్తే పేజీలో ఏడో ఎనిమిదో మిగులుతాయి. ముందు నకళ్లు తీయాలి, తర్వాతే పది కోయాలి. జాయిన్ మానేసి ఎగ్జిస్ట్స్‌తో అడిగితే నకలే పుట్టదు.

ఇలా రెండు వర్గాల్లో ఉండడం పుస్తకానికి కుదరదు, గ్రంథాలయంలో ఒక ప్రతికి అరలో ఒకటే చోటు. అక్కడ కూడా గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933 నాటి కోలన్ వర్గీకరణలో విషయాన్ని ఒకే కొమ్మకి కట్టేయకుండా పార్శ్వాలుగా విడదీశారు. మనకి ఆ అర కూడా అడ్డం లేదు. 'అనువాదం' నిజానికి కథకి పిల్ల కాదు, కవితకీ నాటకానికీ కూడా వర్తిస్తుంది. దాన్ని విడిగా ఒక గడి చేస్తే అనువాద కథ, అనువాద కవిత, అనువాద నాటకం అనే మూడు ఉపవర్గాలూ ఎగిరిపోతాయి.