అరవై దాటాక దొరికిన మంచుకొండలు

టొరంటో తూర్పున, స్కార్‌బరోలో ఆంటారియో సరస్సు ఒడ్డు పొడవునా మట్టి చరియలు నిలువునా లేచి ఉంటాయి. కొన్నిచోట్ల వాటి ఎత్తు 90 మీటర్లు. ఆ అంచున 1939లో పన్నెండు ఎకరాలు 1,250 డాలర్లకు కొన్నారు డోరిస్ మెకార్తీ. అప్పటికి ఆవిడ వయసు 29, ఉద్యోగం బడిలో చిత్రలేఖనం నేర్పడం. అదొక 'ఫూల్స్ ప్యారడైజ్' అని తల్లి విసుక్కుంటే, ఆ మాటనే ఇంటికి పేరుగా పెట్టుకున్నారు. వేసవి కుటీరంగా మొదలైన ఆ ఇల్లే తర్వాత ఆవిడ నివాసం, చిత్రశాల కూడా అయింది.

సెంట్రల్ టెక్నికల్ స్కూల్లో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పి 1972లో రిటైరయ్యారు. ఆ వయసుకి కృష్ణా రామా అనుకుంటూ కూర్చోమంటారు మన ఇళ్ళలో. ఆవిడ అదే ఏడాది మొదటిసారి ఉత్తర ధ్రువ ప్రాంతానికి బయల్దేరారు. అక్కడ చూసిన మంచుకొండలు ఆవిడ కుంచెను మరి వదల్లేదు.

ఆ బొమ్మల్ని దగ్గరికి వెళ్ళి చూడాలి. మంచుకొండ అంటే తెల్లరంగే కదా అనుకుంటాం. అచ్చమైన తెలుపు ఏ కొసనో కాస్త మెరుస్తుంది, అంతే. తక్కినదంతా నీలాలు, లేత ఆకుపచ్చలు, ఊదా ఛాయలు. ఒక్కో మంచుపలకలో రంగు ఒక అంచున చిక్కగా మొదలై, అవతలి అంచు చేరేసరికి పలచబడిపోతుంది. సరిగ్గా అక్కడే పక్క పలక చిక్కదనం మొదలవుతుంది. మధ్యనున్న పదునైన గీతను ఎవరూ గీయలేదు, రెండు రంగులు తగిలి అది పుట్టింది. అందుకే లేత తాటిముంజెను ఎండకేసి పట్టుకున్నట్టు, వెలుతురు ఆ మంచు లోపలినుంచి వస్తోందనిపిస్తుంది.

నూనె రంగులతో ఇది తేలిక పని కాదు. ఛాయ అలా కరిగిపోవాలంటే రంగు తడిగా ఉండగానే కుంచె నడిపించాలి. పక్క అంచు పదునుగా రావాలంటే మొదటిది ఆరాలి, దానికి రోజులు పడుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయే చోట అంత తీరిక ఎక్కడిది? అక్కడ చిన్న చిత్తుబొమ్మలు వేసుకుని, పెద్ద కాన్వాసులు ఇంటికొచ్చాక ఎత్తుకునేవారు. ఎదురుచూడ్డం కూడా పనిలో భాగమైనప్పుడు చిత్రశాల ఇంట్లోనే ఉండటం ఎంత బలమో ఈ అంచులు చెబుతాయి.

ఆవిడ గురువుల్లో ఒకరు ఆర్థర్ లిస్మర్, 'గ్రూప్ ఆఫ్ సెవెన్' అనే కెనడా చిత్రకారుల బృందంలో ఒకరు. ఆయన కాన్వాసు మీద కుంచె దెబ్బలు దళసరిగా, ఉరవడిగా కనిపిస్తాయి. శిష్యురాలి మంచుకొండల్లో కుంచె జాడే తెలియదు. 1960ల్లో పదునైన అంచుల నైరూప్య చిత్రాలతో చేసిన సాధన ఇక్కడ అక్కరకొచ్చింది. ఆవిడ పనితనం పండింది ఈ మలివయసులోనే అని నా నమ్మకం.

టొరంటో విశ్వవిద్యాలయం స్కార్‌బరో ప్రాంగణంలో చదివి 1989లో, 79వ ఏట, సాహిత్యంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. అదే ప్రాంగణంలో 2004లో ఆవిడ పేరిట గ్యాలరీ వెలిసింది. 2010లో, నూరేళ్ళూ నిండాక కన్నుమూశారు. ఇంటిని ముందే ఆంటారియో వారసత్వ సంస్థకు రాసిచ్చారు. ఇప్పుడు చిత్రకారులు, రచయితలు, సంగీతకారులు వంతులవారీగా అక్కడ ఉండి తమ పని చేసుకుంటున్నారు.