రాణికి తెలుసా అని అడిగింది నేనే

కొన్నేళ్ళ క్రితం ఒక డిగ్రీ కాలేజీలో గిరీష్ కర్నాడ్ 'నాగమండల' పాఠం చెప్పి, పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. 'రాణి పతివ్రతేనా? చర్చించండి.' రాసేటప్పుడు నాకేమీ తప్పనిపించలేదు. డాక్టరేట్ చేతికొచ్చిన కొత్త. స్త్రీవాద విమర్శ చదువుకున్నానన్న ధీమా కూడా ఉంది. పిల్లలందరూ రాణికి తెలుసా తెలియదా అని పేజీలు నింపారు. ఒకమ్మాయి మాత్రం నాలుగు వాక్యాలతో సరిపెట్టింది. అప్పణ్ణ రోజూ ఇంకొకామె ఇంటికి వెళ్తాడు, ఆ సంగతి మీద ప్రశ్న ఎందుకు లేదు? రాణికి తెలుసో లేదో గానీ పాముకి తెలుసు కదా, దాన్నెందుకు అడగలేదు? ఇదీ ఆమె రాసింది. 'అడిగినదానికి జవాబు కాదు' అని ఎర్ర సిరాతో రాసి మూడు మార్కులు వేశాను. ఆ పేపరు ఇప్పుడు మళ్ళీ దిద్దుకుంటున్నాను.

'నాగమండల' (1988) కథ చాలామందికి తెలిసిందే. భర్త అప్పణ్ణ రాణిని ఇంట్లో పెట్టి తాళం వేసి పోతాడు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం వస్తాడు. రాత్రిళ్ళు అప్పణ్ణ రూపంలో నాగుపాము వస్తుంది, ప్రేమగా ఉంటుంది, ప్రశ్నలు వెయ్యొద్దంటుంది. రాణి గర్భవతి అవుతుంది. పంచాయితీ కూర్చుంటుంది. ఒకరి రూపంలో ఇంకొకరు రావడం, ఒకరి శరీరంలోకి ఇంకొకరు ప్రవేశించడం, తలలు మారిపోవడం మన కథల్లో కొత్త కాదు. అన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే. మనిషంటే శరీరమా, లోపలున్నవాడా? ఈ ప్రశ్నకి మన సాహిత్యం మగవాళ్ళకొక జవాబు, ఆడవాళ్ళకొక జవాబు చెప్పిందన్నది నా ఫిర్యాదు.

మగవాళ్ళ జవాబు శంకరాచార్యుల కథలో ఉంది. మాధవీయ శంకర విజయంలో ఉభయభారతి కామశాస్త్రం మీద ప్రశ్నలు వేస్తే, బ్రహ్మచారి అయిన శంకరుడు గడువు అడిగి, చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశిస్తాడు. అంతఃపురంలో రాణులతో గడుపుతాడు. తర్వాత కాశ్మీరంలో సర్వజ్ఞపీఠం ఎక్కబోతుంటే సరస్వతి ఆ సంగతే ఎత్తుతుంది. ఈ శరీరంతో నేనే తప్పూ చేయలేదు, వేరే దేహంతో చేసింది దీనికి అంటదు అంటాడాయన. ఆ జవాబు చెల్లింది. పీఠం దక్కింది. ఆ రాణుల సంగతో? తమ పక్కనున్నది భర్త కాదని వాళ్ళకెవరూ చెప్పలేదు. వాళ్ళ పాతివ్రత్యం ఏమైందని కావ్యం అడగదు. అడగనందుకు నాకేమీ సంతోషం లేదు. వాళ్ళు లెక్కలోకి రాలేదు కనుకనే అడగలేదు.

ఇప్పుడు అహల్యను చూడండి. వచ్చింది గౌతముడి రూపం. శంకరుడికి చెల్లిన తర్కమే అయితే ఆమె కూడా నా భర్త శరీరమే కదా అనవచ్చు. వాల్మీకి బాలకాండలో వచ్చినవాడు ఇంద్రుడని తెలిసే, కుతూహలంతో ఆమె ఒప్పుకుంటుంది. ఉత్తరకాండలో తెలియక మోసపోయానని చెప్పుకుంటుంది. తెలిసినా శాపమే, తెలియకపోయినా శాపమే. అలాంటప్పుడు 'తెలుసా?' అన్న ప్రశ్నతో ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు కొట్టుమిట్టాడాం? ఓల్గా 'విముక్త' (2010) లోని అహల్య ఆ విచారణ జరిపే హక్కునే నిలదీస్తుంది. నేను పదిమార్కుల ప్రశ్న తయారుచేసేనాటికి ఆ కథ చదివే ఉన్నాను. చదవడం వేరు, ఒంటబట్టడం వేరు.

ఆశ్చర్యమేమిటంటే ఈ విషయంలో కావ్యాలకంటే చట్టమే కాస్త మెరుగు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 375వ సెక్షన్‌లో ఒక అంశం ఉంది. తాను ఆమె భర్త కాదని అతనికి తెలిసి, భర్తేనన్న నమ్మకంతో ఆమె ఒప్పుకుంటే అది అత్యాచారం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది. ఇక్కడ 'ఎవరికి తెలుసు?' అన్న ప్రశ్న ముందు అతనికి పడుతుంది. అలాగని ఆ చట్టాన్ని మెచ్చుకుని ఊరుకోలేం. అదే స్మృతిలోని 497వ సెక్షన్ ప్రకారం భర్త సమ్మతి ఉంటే వ్యభిచార నేరమే లేదు. భార్య అతని సొత్తన్నమాట. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది 2018లో.

మన పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో ఇంకో చిక్కుముడి వేశాడు. కలభాషిణి రంభ రూపం ధరించింది. మణికంధరుడు నలకూబరుడి రూపం ధరించాడు. ఎదుటివాళ్ళది కూడా వేషమేనని తెలియక ఇద్దరూ కలుసుకున్నారు. ఇద్దరూ మోసగించారు, ఇద్దరూ మోసపోయారు. తర్వాత అసలు రంభ వచ్చాక జరిగిన తగువు శీలం గురించి కాదు, ఆ రూపం ఎవరిదన్నదాని గురించి. కలభాషిణి వేశ్య, ఎవరి భార్యా కాదు. పాతివ్రత్యం ప్రశ్న భర్త ఉన్నచోటే పుడుతుందని దీన్నిబట్టి తెలియడం లేదూ?

అయితే మోసపోయిందని చెప్పి స్త్రీని కాపాడుకోవడం తేలిక. తెలిసి ఒప్పుకున్నదాని మాటేమిటి? రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా కథ 'దువిధ' నన్ను ఇరుకున పెడుతుంది. పెళ్ళయిన వెంటనే భర్త వ్యాపారానికని అయిదేళ్ళకు వెళ్ళిపోతాడు. ఆమెను ప్రేమించిన దయ్యం భర్త రూపంలో వస్తుంది. కానీ ఆమె దగ్గర నిజం దాచదు. నేను నీ భర్తను కాను అని చెప్పి నిర్ణయం ఆమెకు వదిలేస్తుంది. శంకరుడు, ఇంద్రుడు, నాగుపాము చేయని పని ఒక దయ్యం చేసింది. ఆమె ఒప్పుకుంది. ఇది భర్తకు ద్రోహమా? అవును, ద్రోహమే అంటాను. దాన్ని కాదనడానికి తర్కాలు వెతకను. అయితే ఆ పెళ్ళి విషయంలో ఆమె ఇష్టం ఎవరడిగారు? ఆమె నోటితో ఇచ్చిన మొదటి మాట ఆ రాత్రి దయ్యానికి ఇచ్చిందే. ఇవ్వని మాట తప్పినందుకు ఆమెను ఎంతవరకు పట్టుకోగలం?

ఆ కథను మణి కౌల్ 1973లో సినిమాగా తీశాడు. 2005లో అమోల్ పాలేకర్ 'పహేలీ' తీశాడు. దేథా కథలో దయ్యం తోలుసంచిలో బందీ అయిపోతుంది, ఆమె భర్తతో మిగిలిపోతుంది. 'పహేలీ'లో దయ్యం తప్పించుకుని భర్త శరీరంలోనే దూరుతుంది. ప్రేమికుడూ దక్కాడు, తాళి కట్టిన ఒళ్ళూ దక్కింది. పాతివ్రత్యానికి మచ్చ లేదు. చూస్తున్నప్పుడు నేనూ సంబరపడ్డాను. ఇంటికొచ్చాక, ఆ శరీరం యజమాని ఎక్కడికి పోయాడన్న అనుమానం పట్టుకుంది. హాలీవుడ్ సినిమా 'వండర్ ఉమన్ 1984' (2020) మీద వచ్చిన విమర్శ కూడా ఇదే. చనిపోయిన ప్రియుడి ఆత్మ ముక్కూమొహం తెలియని ఇంకో మనిషి శరీరంలోకి వస్తే, నాయిక అతనితో రాత్రి గడుపుతుంది. ఆ శరీరం ఎవరిదో అతని సమ్మతి లేదు. ఆడవాళ్ళ సమ్మతి గురించి ఇంత మాట్లాడే మనం మగవాడి శరీరం దగ్గర ఊరుకుంటే, మనమూ రెండు తూకాలు పెట్టుకున్నట్టే.

కనుక ఈ కథల్లో ప్రేమ ద్రోహమా కాదా అని నన్నడిగితే, ముందు మూడు సంగతులు తేల్చుకుంటాను. నిజం ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళు ఎవరికి చెప్పలేదు? ఎవరి శరీరాన్ని అడగకుండా వాడుకున్నారు? ద్రోహం మాట తప్పడంలో ఉంది, నిజం దాచడంలో ఉంది. ఏ ఒళ్ళు ఏ ఒంటిని తాకిందన్నది ఆ తర్వాతి సంగతి.

మళ్ళీ రాణి దగ్గరికి వస్తాను. పుట్టలో చెయ్యి పెట్టి పామును పట్టుకుని, నా భర్తను, ఈ నాగుపామును తప్ప ఎవరినీ తాకలేదని ప్రమాణం చేస్తుంది. అక్షరాలా నిజం. ఊరు ఆమెను దేవతను చేస్తుంది. కానీ చివర్లో ఆ పాము చచ్చిపోతే, దానికి తన కొడుకు చేత నిప్పు పెట్టించాలని కోరుతుంది. ఆమెకు తెలుసు. ఎప్పుడు తెలిసిందో కర్నాడ్ చెప్పలేదు. చెప్పనందుకు ఆయన్ని మెచ్చుకుంటాను. తెలియదు కనుక పవిత్రురాలని ఇన్నాళ్ళూ నేను ఆమె తరఫున వాదిస్తూ వచ్చాను. తెలియకపోవడం ఒక్కటే ఆడదానికి రక్షణ అయితే, ఆ రక్షణ నాకొద్దు.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలియదు. పదికి పది వేసి, ఎర్ర సిరాతో రాసిన ఆ మాట కొట్టేస్తున్నాను. అడగవలసిన ప్రశ్న అడిగింది తను, తప్పు ప్రశ్న ఇచ్చింది నేను.