శాస్త్రపదం ఎవరి సొత్తు?

జొన్నగిరికి దగ్గరలో, ఎర్రగుడి బండల మీద అశోకుడు శాసనాలు చెక్కించాడు. అంతటితో ఊరుకోలేదు, రజ్జుకులు ఆ మాటలను జనపదానికి చెప్పాలని వాటిలోనే ఆజ్ఞాపించాడు. చెక్కినంత మాత్రాన మాట జనానికి అందదని ఆనాటి ఏలికకే తెలుసు.

మన భౌతికశాస్త్ర బోధన ఈ సంగతి మరచింది. ‘మొమెంటమ్’ అని వల్లెవేయించడమే చదువనుకుంటారు కొందరు. ‘ద్రవ్యవేగం’ అంటే చాలు, తెలుగులో చెప్పినట్టేనంటారు మరికొందరు. ఆ సమాసంలో ద్రవ్యరాశీ వేగమూ ఉన్నాయని విప్పి చెప్పకపోతే అదీ వల్లెవేతే.

అసలు చిక్కు తేలిక మాటలతోనే. ఆదోని పత్తి మార్కెట్లో మూట నెత్తిన పెట్టుకొని కదలక నిలబడిన హమాలీ ఆ మూట మీద ‘వర్క్’ చేయడం లేదంటుంది శాస్త్రం. చెమటోడ్చే తండ్రిది పని కాదంటే కొడుకు ఎలా నమ్ముతాడు? బలం ప్రయోగించిన దిశలో మూట కదిలితేనే శాస్త్రం దాన్ని పనిగా లెక్కిస్తుందనీ, ఆ లెక్క శ్రమకు వెల కట్టేది కాదనీ అతని భాషలోనే చెప్పాలి.

ఖగోళమూ అంతే. వేగుచుక్క నక్షత్రం కాదు, శుక్రగ్రహం. ‘ప్లానెట్’ అన్న మాటకు గ్రీకు మూలంలో సంచారి అని అర్థం. చుక్కల నడుమ చోటు మార్చే వేగుచుక్కను చూపి ఈ మాట చెబితే విద్యార్థి మరువడు.

ఇంగ్లీషు పదాలు నేర్వవద్దనడం అభ్యుదయం కాదు. పై చదువులు, ప్రపంచ విజ్ఞానం నేడు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి. అర్థం తల్లిభాషలో, పదం రెండు భాషల్లోనూ అందాలి. అలా అందనంతకాలం శాస్త్రం కలవారి సొత్తుగానే మిగులుతుంది.