ముక్క అందే చోటు

మా ఆడ లాబ్రడార్‌కి తొమ్మిది నెలలు వచ్చేసరికి నడకలో ఒక వంకర పడింది. నా ఎడమ పక్కనే నడిచేది, కళ్లు నా మీదే ఉండేవి. కానీ తల నా తొడ ముందుకి వచ్చేసి, వెనకభాగం అవతలికి పోయి, పీతలా ఏటవాలుగా నడిచేది. నెల రోజులు గొలుసుతో సరిచేయబోయాను. గొలుసు బిగిసినంతసేపు తిన్నగా ఉండేది, వదలగానే మళ్లీ అదే వంకర. చివరికి తప్పు నా కుడిచేతిలో దొరికింది. చికెన్ ముక్కలు కుడి జేబులో ఉండేవి. కుడిచేత్తో తీసి, పొట్ట మీదుగా అటు చాచి పెట్టేవాణ్ణి. అందుకోవాలంటే అది ప్రతిసారీ నా ముందుకి రావాలి. రోజుకి యాభైసార్లు నేనే అలా పిలిచాను. అది నేర్చుకుంది.

కుక్కల పోటీల్లో ఈ నడకని హీల్ అంటారు. దీనికి కఠినమైన కొలత పెట్టింది జర్మనీలో జర్మన్ షెపర్డ్‌ల కోసం పుట్టిన షుట్జ్‌హుండ్ పరీక్ష. 2019 నుంచి దాన్ని ఐజీపీ అంటున్నారు. అందులో విధేయత విభాగానికి 100 మార్కులు. యాభై అడుగులు తిన్నగా నడిచి వెనుదిరగాలి, పరుగెత్తాలి, నెమ్మదించాలి, మనుషుల గుంపులోంచి వెళ్లాలి. నడుస్తుండగానే తుపాకి రెండుసార్లు పేలుతుంది. అంతసేపూ కుక్క భుజం మనిషి ఎడమ మోకాలికి సమానంగా ఉండాలి, అదీ ఉత్సాహంగా. చేతిలో తిండి ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు.

మన రైతులకి ఇలా పక్క పట్టుకుని నడవడం అర్థంకాని సంగతేమీ కాదు. దాపటి ఎద్దుకి తన పక్క తెలుసు. వలపట కడితే తడబడుతుంది. అయితే ఎద్దుని పట్టి ఉంచడానికి మెడ మీద కాడి ఉంది. గొలుసు విప్పిన కుక్కని ఏది పట్టి ఉంచుతుంది?

పోలీసు కుక్కల శిక్షణ మీద కొన్రాడ్ మోస్ట్ 1910లో పుస్తకం రాసిన నాటికి, ఆ పని ఎక్కువగా మెడపట్టీ కుదుపే చేసేది. ఆ తరవాత మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగశాల నుంచి బయటికి వచ్చిన బ్రెలండ్ దంపతులు, వాళ్లతో కలిసి పనిచేసిన బాబ్ బెయిలీ వేరే దారి చూపించారు. బెయిలీ కుక్కల శిక్షకులకి పాఠం చెప్పింది కోళ్లతో! కోడి మెరుపులా కదులుతుంది. గింజ కాస్త ఆలస్యమైనా, కాస్త పక్కకి పడినా, ఆ పొరపాటు కోడి తరవాతి అడుగులో కనపడిపోతుంది. ఏ పని నచ్చిందో చెప్పేది సంకేతం. తరవాత ఎక్కడ ఉండాలో చెప్పేది తిండి పడే చోటు.

కాబట్టి ముందు మాట, తరవాత చెయ్యి. భుజం మోకాలి పక్కకి వచ్చిన క్షణంలో ‘యెస్’ అనాలి. ఆ మాట పూర్తయ్యేదాకా చెయ్యి కదలకూడదు. ముందే కదిలిందా, కుక్క నడక మానేసి చేతిని చదవడం మొదలుపెడుతుంది.

ముక్కని ఎడమ జేబులోకి మార్చాను. ఎడమచేత్తో, ప్యాంటు కుట్టు దగ్గరే, దాని తల కాస్త అవతలికి తిరిగేలా అందించాను. నాకిది మొదట తలకిందులుగా అనిపించింది. దగ్గరికి రావాల్సిన కుక్క మూతిని దూరం తిప్పడమేమిటి? కానీ పడవ ముక్కు ఎడమకి తిరిగితే వెనకభాగం కుడికి జరిగినట్టే, తల అటు తిరిగితే వెనక్కాళ్లు నా వైపు వస్తాయి. ముందుకి దూసుకుపోయే కుక్కకైతే మోకాలికి బెత్తెడు వెనక పెట్టాలి. వెనకబడేదానికి బంతిని ముందుకి విసరాలి. కాళ్లకి రాసుకుంటూ అడ్డం పడేదానికి ముక్క జానెడు అవతల అందాలి. ఎత్తు కూడా లెక్కే. ఎప్పుడూ కిందే పెడితే తల కిందికే దిగుతుంది. అలాగని పోటీకి వెళ్లని కుక్క మెడ నిక్కించి నడవాలని నేననుకోను. గతుకుల రోడ్డు మీద తన దారి తనని చూసుకోనివ్వాలి.

తనకి వెనక్కాళ్లు కూడా ఉన్నాయని కుక్కకి తెలియజెప్పడం ఇంకో పని. దానికి వంటింటి పీట చాలు. ముందు కాళ్లు పీట మీద పెట్టించి, నేను పీట చుట్టూ ఎడమకి ఒక్కో అడుగు వేస్తాను. అది వెనక్కాళ్లు మాత్రమే జరుపుకుంటూ నా కాలి పక్కకి చేరాలి. చేరిన చోటే ముక్క. రెండు నిమిషాలకి మించి చేయించను. విసుగు మొదలైతే అప్పటిదాకా కట్టిందంతా కూలుతుంది.

తరవాత అడుగుల లెక్క: ముక్క మూడడుగులకి ఒకసారి, ఏడడుగులకి ఒకసారి, మళ్లీ రెండుకే. ఎప్పుడొస్తుందో తెలియకపోయినా ఎక్కడికి వస్తుందో తెలిసిన కుక్క ఆ చోటు వదలదు.

ఇప్పుడు మా వీధిలో ఆటోలు పక్క నుంచి దూసుకుపోయినా, గేటు వెనక కుక్కలు మొరిగినా, దాని భుజం నా మోకాలి దగ్గరే ఉంటోంది. ఎడమకి తిరిగే మలుపులో మాత్రం వెనకభాగం ఇంకా జారుతోంది. పీటని మళ్లీ వంటింట్లోకి పంపలేదు. గుమ్మం పక్కనే ఉంది.