అణుచర్చలు, హైటెక్ సిటీ: టాల్‌బట్ 'ఎంగేజింగ్ ఇండియా' - విమర్శనాత్మక పరిశీలన

2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు హైటెక్ సిటీలో ప్రసంగించారు. పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగి అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఆయన ప్రభుత్వం విధించిన ఆంక్షలు పూర్తిగా తొలగలేదు. సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై భారత్ సంతకమూ చేయలేదు. వివాదం తీరకుండానే వైరం ఎలా సడలింది?

జస్వంత్ సింగ్‌తో చర్చలు నడిపిన అమెరికా ప్రతినిధి స్ట్రోబ్ టాల్‌బట్ తన 'ఎంగేజింగ్ ఇండియా' (2004)లో ఇద్దరి మధ్య పెరిగిన విశ్వాసానికే పెద్దపీట వేశారు. జ్ఞాపకాల రచనకు అది సహజమైన పరిమితి. పైగా క్రుశ్చేవ్ జ్ఞాపకాలను ఆంగ్లంలోకి అనువదించిన ఈ రచయిత దృష్టి మాస్కో-వాషింగ్టన్ నమూనాలో రూపొందింది. 1962 క్యూబా సంక్షోభంలో ఆ ఇరుపక్షాలూ సర్వనాశనపు అంచును చూశాయి. మరుసటి ఏడే హాట్‌లైన్, పాక్షిక పరీక్షల నిషేధం వచ్చాయి. అక్కడ పనిచేసింది ఉమ్మడి భయం. భారత్-అమెరికాల మధ్య అది లేదు.

గ్రంథంలోని వాస్తవాలే వేరే కారణాన్ని సూచిస్తాయి. 1999 జులైలో కార్గిల్ నుంచి సేనలను ఉపసంహరించేందుకు నవాజ్ షరీఫ్‌ను క్లింటన్ ఒప్పించడంతో ఢిల్లీ అనుమానం తగ్గింది. అదే అక్టోబరులో అమెరికా సెనేటే నిషేధ ఒప్పందాన్ని తిరస్కరించింది. ఇక భారత్‌ను సంతకం అడిగే నైతిక బలం ఎక్కడిది? అడగలేనిదాన్ని పక్కనపెట్టడమే సయోధ్య అయింది.

టాల్‌బట్ కథనంలో దౌత్య సంభాషణలకు దక్కినంత చోటు వాణిజ్యానికి దక్కలేదు. పరీక్షలు జరిపించిన వాజపేయే 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆంక్షల ఏడాదిలోనే మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది. అలాగని సాఫ్ట్‌వేరే అణువైరాన్ని కరిగించిందనడం స్థానికాభిమానం మాత్రమే. మిగిలిన ఆంక్షలను బుష్ ప్రభుత్వం ఎత్తివేసింది 2001 సెప్టెంబరు 22న, న్యూయార్క్ దాడులు జరిగిన పదకొండో రోజున.